అత్త కారు, ఆడవాళ్ళ మోకాళ్ళు

మా ఊరు తిరుమణిలో మా వాళ్ళందరికంటే ముందు కారు కొన్నది మా మేనత్త. అంతకు కొన్నేళ్ళ ముందు ఆమె గొర్రెలు కాసేది.

సోలార్ పార్కు వచ్చి శెనక్కాయ చేలన్నీ దానికి కౌలుకు పోయినప్పుడు, ఏటా డబ్బు వస్తుందని చాలామంది హమ్మయ్య అనుకుని అరుగుల మీద కూర్చున్నారు. వాళ్ళను తప్పుపట్టను. వాన కోసం పైకి చూసి చూసి మెడలు పట్టేసిన మనుషులు. అత్తకు మాత్రం ఊరికే కూర్చోవడం చేతకాదు. ప్యానెళ్ళ మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుందని అక్కడి వాచ్‌మన్ చెప్పగా విన్నది. గొర్రెలను అమ్మి పాత ట్రాక్టరు, నీళ్ళ ట్యాంకరు కొని, కడిగే పని అడిగి తెచ్చుకుంది. మొదట్లో పైపు పట్టిందీ ఆమే, పొడుగాటి బ్రష్షుతో రుద్దిందీ ఆమే. బెంగళూరులో ఆటో నడిపి విసుగెత్తి వచ్చిన నన్ను ట్రాక్టరు ఎక్కించింది.

తర్వాత ట్యాంకర్లు నాలుగయ్యాయి. కడగడానికి పన్నెండు మంది ఆడవాళ్ళు కుదిరారు. మిద్దె లేచింది, కారు వచ్చింది. "ఒట్టి కష్టానికే ఇంత వస్తాదేమప్పా?" అని ఊళ్ళో వాళ్ళు నన్ను అడిగేవారు. వస్తుందని గట్టిగా చెప్పేవాణ్ణి. అత్త ఎవరినీ మోసం చేయలేదు, ఎవరి కూలీ ఆపలేదు. అంతకంటే ఏం కావాలనుకున్నాను.

ఒక వేసవి ఉదయం ఆడవాళ్ళు ట్యాంకరు నీడలో కూర్చుని ఎంతకూ లేవలేదు. అత్త కారు దిగి, "ఏందమ్మా, ఎండ ముదురుతాండాది, లేయండి" అంది.

వాళ్ళలో పెద్దామె తాపీగా చెప్పింది. "అక్కా, నువ్వు కష్టపడినావు, కాదనం. మేమూ కష్టపడతాండాం గదా. మరి నీకు కారొచ్చె, మాకు మోకాళ్ళ నొప్పులొచ్చె. ఎట్లక్కా ఇది?"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, మొహం తిప్పుకున్నాను. అత్తకు మాత్రం కోపం వచ్చింది. "ఈ పని పుట్టించింది నేను. మీరు ఇంట్లో ఉన్నప్పుడు ఈ ఎండలో మాడింది నేను" అంది. "నిజమే అక్కా" అని పెద్దామె ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడమే అత్తను పట్టుకుంది. ఆ మధ్యాహ్నం సరిగా తినలేదు.

మర్నాడు పాత చీర కట్టుకుని వచ్చి బ్రష్షు అందుకుంది. కారెక్కాక మళ్ళీ అది పట్టడం అదే మొదలు. రెండో రోజుకే నడుం పట్టేసింది. ఆడవాళ్ళు నవ్వుకుంటూనే ఎలా వంగాలో, ఎక్కడ ఆగాలో నేర్పారు. నాలుగో రోజు ప్యానెళ్ళ కింద నీడలో అందరం సంగటి తింటుంటే అత్త అంది: "అప్పట్లో నాకూ ఇట్లే నొప్పి ఉండె. కానీ నాకోసం పడే నొప్పి గదా, తెలిసేది కాదు. ఇప్పుడు మీరు పడేది నాకోసమాయె."

చేయి కడుక్కుని మళ్ళీ తనే అంది: "రెండు ట్యాంకర్లు మీరు తీసుకోండి. పని మీరే అడిగి తెచ్చుకోండి, వచ్చింది మీరే పంచుకోండి. కారు మాత్రం ఇయ్యను. నా నడుముకు అది కావాల."

బంధువులు ఆమెకు పిచ్చి పట్టిందన్నారు. కష్టపడి సంపాదించింది ఎవరైనా పంచుతారా అన్నారు. "కష్టం నా ఒక్కదాందే అయితే ఆ సోలార్ ప్లేట్లన్నీ నేనొక్కదాన్నే కడిగి ఉండాల గదా" అని అత్త వాళ్ళకు చెప్పింది. వాళ్ళు నమ్మలేదు. నిజం చెప్పాలంటే నాకూ అది అర్థం కావడానికి కొన్ని రోజులు పట్టింది. తప్పు చేయకపోతే చాలనుకునేవాణ్ణి నేను.

రెండేళ్ళు తిరక్కుండానే, అత్త కన్నేసిన పెద్ద పనొకటి ఆ ఆడవాళ్ళు ఎగరేసుకుపోయారు. అత్త రెండు రోజులు పని చోటికే రాలేదు. మూడో రోజు నన్ను కారు తీయమంది. తగాదాకే వెళ్తోందనుకున్నాను.

వాళ్ళు పని చేస్తున్న చోట దిగి, ప్యానెళ్ళ వరస పొడవునా చూసుకుంటూ నడిచింది. పెద్దామె బ్రష్షు పట్టుకుని బెరుగ్గా నిలబడింది.

"మూలల్లో మట్టి నిలిచింది సూడు. ఇట్లయితే మళ్ళా ఏడాది పని నాకే ఇస్తారు" అంది అత్త.

"ఇయ్యనీలే అక్కా, అప్పుడు సూద్దాం" అంది పెద్దామె, ఆ మూల తుడుస్తూ.

తిరిగొచ్చేటప్పుడు అత్త దారంతా వాళ్ళ పనిలో వంకలు చెబుతూనే ఉంది. ఆమె అంత హుషారుగా ఉండడం చూసి చాలా కాలమైంది.