ఏసీ లేని బస్సులో జూడో

మా కంపెనీ బస్సు ఏసీ చెడిపోయి రెండు ఎండాకాలాలు దాటింది. "వచ్చే వారం బాగు చేయిస్తా" అని సూపర్‌వైజర్ ప్రతి వారం మాటిస్తాడు. మాట మీద నిలబడే మనిషి, పై వారం కూడా అదే మాటిస్తాడు. అల్ రయ్యాన్‌లో బిల్డింగు కట్టే సైట్ నుంచి మెసైమీర్‌లో కూలీలుండే క్యాంప్‌కు ఆ డబ్బాలో మనుషుల్ని ఉడకేసి తేవడం నా డ్యూటీ. జూడో పోటీలు జరిగిన వారం మాత్రం నా మెడకో టై తగిలించి, ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఒక క్రీడాకారిణినీ ఆమె కోచ్‌నూ చల్లని వ్యాన్‌లో తిప్పమన్నారు. మధ్యాహ్నం బస్సు డ్యూటీ ఎలాగూ నాదే. ఫోన్‌లో చెబితే మా ఆవిడ, "దుబాయ్‌ల ఆడోళ్ల కుస్తీకి గూడ నువ్వే దొరికినవా?" అంది. ఇది ఖతర్ అని చెప్పడం ఎప్పుడో మానేశాను.

కోచ్ పెద్దాయన. ఆయన ఇంగ్లీషు నా ఇంగ్లీషుకు సరిజోడు. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ జూడోయేనట. రెండు మోకాళ్లకూ ఆపరేషన్లు. ఊళ్లో బాంబుల సైరన్ మోగితే మ్యాట్ వదిలి నేలమాళిగలోకి పరుగు, ఆగితే మళ్లీ మ్యాట్ మీదికి. చిన్న పోటీల్లో పతకాలు వచ్చాయి, పెద్ద పోటీలో ఒక్కటీ లేదు. ఇక్కడా రాకపోతే ఇక ఎక్కడికీ పంపరు, ఇదే ఆఖరు. ఇన్నేళ్ల కష్టానికి ఇప్పుడు అరకిలో ఎక్కువ బరువు అడ్డం పడింది. సాయంత్రం తూకానికి అది తగ్గకపోతే అసలు మ్యాట్ ఎక్కనివ్వరు.

హోటల్లో ఆవిరి గది మరమ్మతులో ఉంది. పరుగెత్తడానికి మోకాళ్లు ఒప్పుకోవు. "ఎక్కడైనా వేడి దొరుకుతుందా?" అని కోచ్ అడిగాడు. దోహాలో అడగాల్సిన ప్రశ్నేనా ఇది! అయినా ఆయన తప్పు లేదు. అతిథులకు హోటల్ చలువ, వ్యాన్ చలువ, హాలు చలువ. ఎండ మొత్తం మాకే కేటాయించారు.

"నా దగ్గర బస్సుంది" అన్నాను, సొంత బంగళా ఉన్నవాడిలా.

రెండు జాకెట్లు, వాటి మీద ప్లాస్టిక్ కోటు వేసుకుని ఆమె ముందు సీట్లో కోచ్ పక్కన కూర్చుంది. సైట్ దగ్గర మా వాళ్లు ఎక్కారు. జగిత్యాల వైపు మేస్త్రీ కాకా ఆమె ఎర్రబడ్డ ముఖం చూసి గబగబా కిటికీ తీశాడు.

"అరే, పొల్ల సచ్చేటట్టున్నది గదరా!"

"కాకా, కిటికీ మూయ్. బరువు తగ్గాలె, గందుకే కూసున్నది" అన్నాను.

"మనం తగ్గుతలేమా? మనకెవ్వలన్న పతకమిచ్చిండ్రా?"

బస్సంతా నవ్వింది. కాకా కిటికీ మూశాడు గానీ ఊరుకుంటేగా. దప్పికగొన్న మనిషిని ఎదురుగా పెట్టుకుని తాను తాగడం మా వైపు పాపం. తన కోసం కొనుక్కున్న చల్లటి లబన్ సీసా, అదే ఇక్కడి మజ్జిగ, ఆమె చేతిలో పెట్టాడు. కోచ్ గుండె ఆగినంత పని అయింది. ఆమె సీసాను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. తాగలేదు.

"ముడుతలేదేందిరా? మనం ఇచ్చిందని గావచ్చు" అని కాకా చిన్నబుచ్చుకున్నాడు.

ఆమెకు భాష తెలియకపోయినా ముఖం అర్థమైనట్టుంది. గుండె మీద చెయ్యి పెట్టి, సీసాను సంచిలో దాచుకుంది.

సాయంత్రం ఆమె తూకం గట్టెక్కింది. గదిలోంచి వస్తూనే ఆమె ఆ సీసా తీసి, గుమ్మంలోనే నిలబడి, వేడెక్కిపోయిన లబన్‌ను గటగటా తాగేసింది.

మర్నాడు హాలు తలుపు దగ్గర నిలబడి చూశాను, డ్రైవర్ పాస్ ఘనత అంతవరకే. మొదటి ఆటలో అవతలి పిల్లను ఎత్తి వీపు మీద పడేసి గెలిచింది. నేను అరిచిన అరుపుకు సెక్యూరిటీ వచ్చాడు. రెండో ఆటలో ఈమెనే కిందపడేసి, లేవకుండా అదిమిపెట్టారు. అయిపోయింది. చల్లని వ్యాన్‌లో ఆమె వెక్కివెక్కి ఏడుస్తుంటే, వెనక్కి చూసే అద్దాన్ని పైకి తిప్పేశాను. నాకూ ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం బస్సెక్కుతూనే మా వాళ్లు చుట్టుముట్టారు. ఒకటి గెలిచి ఒకటి ఓడిందని చెప్పాను. కాకాకు ఆ లెక్క పట్టలేదు.

"అది ఇడిసిపెట్టు. లబన్ తాగిందా?"

"తాగింది, కాకా."

"అయితే మల్లొస్తది. మన చేతిది తాగినోళ్లు రాకుంట ఉండరు. గీసారి సల్లగనే తాపిద్దాం."

ఇక ఆమెను పంపరన్న మాట నా దగ్గరే ఉంచుకుని, "యల్లా, పోదాం, కూసోండ్రి" అని బండి తీశాను.