పాలసీదారు గారు ఇంట్లో లేరు

మా బావ చనిపోయిన తరువాత కూడా నాలుగేళ్లపాటు తన కారు ఇన్సూరెన్స్ క్రమం తప్పకుండా కట్టాడు. బతికున్న రోజుల్లో ఆయనకు అంత క్రమశిక్షణ లేదు.

బావ అంటే మా అక్క భర్త. పోర్టులో క్రేను ఆపరేటరు. తొంభైల మొదట్లో తోటివాళ్లంతా స్కూటర్లు కొంటూ ఉంటే, ఆయన రిటైరై ఊరెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర పాత కారు కొన్నాడు. దాని పుట్టుక రంగు తెలుపు. ఉద్యోగం పోర్టులో కాబట్టి ఇనుప ఖనిజం ధూళి పట్టి ఏడాదిలో ఎర్రబారింది. ఎడమవైపు తలుపు లోపలి నుంచి తెరుచుకునేది కాదు. అక్క దిగాలంటే బావ చుట్టూ తిరిగి వచ్చి బయటి నుంచి తీయాలి. చూసినవాళ్లు ఈ కాలంలో పెళ్లాం పట్ల ఇంత మర్యాద ఎక్కడుందని చెప్పుకునేవారు. బావ ఆ తలుపు బాగుచేయించలేదు.

గోపాలపట్నంలో మా ఇల్లు ఎత్తు మీద ఉంటుంది. కింద వాటాలో వాళ్లు, పై వాటాలో నేను. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు బావ కింది మలుపులో రెండుసార్లు హారన్ కొట్టేవాడు. ఆ చప్పుడుకి అక్క కూర వేడి పెట్టేది. ఎత్తెక్కి, కారు గోడవార ఆపి, కాళ్లు కడుక్కుని వచ్చేసరికి కంచం సిద్ధంగా ఉండేది.

ఒకరోజు డ్యూటీలోనే గుండెపోటు వచ్చింది. కారు పోర్టు గేటు దగ్గరే ఉండిపోతే మూడో రోజున నేను వెళ్లి తెచ్చాను. మలుపులో హారన్ కొట్టకుండా ఉండడానికి చెయ్యి జాగ్రత్తగా పెట్టుకున్నాను.

ఆ తరువాత ఒక్కొక్కరే ఆయన పేరు తీసేశారు. రేషను కార్డులో తీసేశారు, బ్యాంకులో తీసేశారు. ఓటర్ల జాబితాలో మాత్రం ఒక ఎన్నిక ఆలస్యం చేశారు. కారు కాగితాల జోలికి మేం వెళ్లలేదు. ఏటా దీపావళి వెళ్లగానే పాలసీ రెన్యువల్ చేసుకోండని ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఒక కవరు వచ్చేది. పోస్టుమాన్ గేటు దగ్గర నిలబడి కవరు మీది పేరు గట్టిగా చదివేవాడు. అక్క లోపలి నుంచి, "ఆఁ, ఇక్కడే" అని వచ్చి అందుకునేది. ఏడాది మొత్తంలో ఆ ఇంట్లో ఆయన పేరు పైకి వినబడేది ఆ ఒక్కసారే.

సంతకం నేను పెట్టేవాణ్ని. అది నాకు పాత విద్యే. సెలవు చీటీల మీద ఆయనే నా చేత పెట్టించేవాడు. "బావమరిదీ, నీకైతే సదువొచ్చు, సంతకం సక్కగొస్తాది" అనేవాడు. నేను కాలేజీలో కామర్స్ పాఠాలు చెబుతాను. ఫోర్జరీ నా సబ్జెక్టు కాదు. కానీ మార్కులు బాగానే వచ్చాయి. ఆదివారాలు అక్కను కూర్చోబెట్టుకుని మద్దిలపాలెం దాకా కారు నడిపి తెచ్చేవాణ్ని. దిగేటప్పుడు చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీసేవాణ్ని.

ఒక మధ్యాహ్నం మా ఎత్తు మీద ఇసుక దించడానికి వచ్చిన లారీకి బ్రేకు పడలేదు. వెనక్కి జారి, గోడవార నిలబెట్టిన కారును గోడలోకి నొక్కేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను కంపెనీకి ఫోను చేస్తే సర్వేయరు రేపు వస్తాడన్నారు. నష్టం చూసి రాసుకునే మనిషన్నమాట. ఇంటికెవరో వస్తున్నారు కదా అని అక్క తెల్లారే లేచి కారంతా తడిగుడ్డతో తుడిచి, నలిగిన బానెట్ మీద పసుపు రాసి, బొట్టు పెట్టింది. సర్వేయరు కెమెరా తీసి, చాలాసేపు చూసి, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా మొహమాటపడ్డాడు. లారీ రంగు అంటిన గుర్తులు కూడా తుడిచేశారా అని నెమ్మదిగా అడిగాడు. మరకలు బాగోలేవని తుడిచేశానంది అక్క.

చుట్టూ తిరిగి, కిందికి వంగి చూసి, అట్ట మీద ఏదో రాసుకుని "టోటల్ లాస్ అండీ" అన్నాడు.

అక్క నా వైపు చూసింది. బాగుచేయడానికి అయ్యే ఖర్చు కారు విలువ కంటే ఎక్కువైతే అలా రాస్తారని, నా క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

"టోటలంటే మొత్తమేనా?"

"మొత్తమే."

అక్క పగిలిన కిటికీలోంచి చెయ్యి దూర్చి స్టీరింగు మధ్యలో నొక్కింది. హారన్ మోగింది. మళ్లీ నొక్కింది. మళ్లీ మోగింది. "మోగతంది కదా బాబూ. మొత్తం పోనాదని ఎలాగ రాసీసినావు?" అంది.

అతను మంచివాడు. హారన్ పనిచేయుచున్నది అని కూడా రాసుకున్నాడు.

పది రోజులకు కాగితాలు వచ్చాయి. యజమాని స్వయంగా సంతకం చేసి, ఆర్సీ, తాళాలు అప్పగించాలి. నలిగిన కారును కంపెనీ తీసుకుంటుంది. నేను పెన్ను తీశాను. నాలుగేళ్ల అలవాటు. మొదటి అక్షరం గీస్తుండగా అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఒద్దురా. ఏడాదేడాదికీ పెట్టేవు, ఊరుకున్నాను. అది బండి తిరగడానికి. పోనాదని రాసిన కాయితం మీద ఆయన సేత సంతకం పెట్టించకు."

అప్పటిదాకా ఆ సంతకం నాదని అనుకున్నాను.

మర్నాడు ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. ఆటోలో వెళ్లాం కాబట్టి అక్క తనంతట తానే దిగింది. టేబుల్ వెనకాల పెద్దాయన ఫైలు తిరగేసి, సంతకాలన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా, పాలసీదారు గారిని ఒక్కసారి రమ్మనండి, అన్నాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

"ఆయనొస్తే ముందు ఇంటికి రాడేటి బాబూ? మీ ఆఫీసుకొస్తాడా?" అంది అక్క.

పెద్దాయనకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఎప్పుడమ్మా అని అడిగాడు. నాలుగేళ్లయిందని చెప్పింది. ఆ మాట అక్క నోటివెంట నేను వినడం అదే మొదలు. పెద్దాయన ఫైల్లోని సంతకాలవైపు, నా వైపు చూసి, నన్నేమీ అడగలేదు. మనిషి పోయిన కొన్నాళ్లలోపే పాలసీ పేరు మార్పించుకోవాలనీ, లేకపోతే చెల్లదనీ, తన చేతిలో ఏమీ లేదనీ చెప్పాడు. ముగ్గురికీ టీ తెప్పించాడు. మేం తాగి వచ్చేశాం.

క్లెయిమ్ తిరస్కరించినట్టు ఉత్తరం నా పేరున వచ్చింది. కారు పాత ఇనుము కొనేవాళ్లకు వెళ్లింది. గొలుసు వేసి లాగుతున్నప్పుడు అక్క వంటింట్లోనే ఉంది. హారన్ ఒక్కటి విప్పి ఇమ్మని నేనడిగితే వాళ్లు నవ్వి ఇచ్చేశారు. బ్యాటరీ లేకపోతే అది మోగదని నాకప్పుడు తట్టలేదు. కామర్స్ మనిషిని.

ఆ ఏడు దీపావళి వెళ్లాక పోస్టుమాన్ గేటు దగ్గర బావ పేరు చదివాడు. కంపెనీ కంప్యూటరుకి ఎవరూ చెప్పినట్టు లేదు. పాలసీ గడువు ముగుస్తోందనీ, ఇన్నేళ్లుగా తమను నమ్ముకున్నందుకు కృతజ్ఞతలనీ ఇంగ్లిషులో ఉంది. నేను చదివి తెలుగులో చెప్పాను. అక్క కవరు దేవుడి అలమర పక్కన, పాతవాటితో కలిపి పెట్టింది. ప్రభుత్వ ఆఫీసులూ, కంపెనీలూ సరిగ్గా పనిచేయవని జీవితమంతా వెటకారం చేసినవాణ్ని. ఆ ఒక్కరోజు మాత్రం ఊరుకున్నాను.

మరుసటి ఏడు దీపావళి దాటింది. కార్తీకం అయిపోయి ఇంట్లోకి మళ్లీ చేపలు వచ్చాయి. పెరటి గట్టు మీద కత్తిపీట వేసుకుని పొలుసు తీస్తూ, "ఈసారి రాలేదేట్రా?" అంది అక్క. ఏమిటని నేను అడగలేదు.

"ఆఫీసు బాగుపడినట్టుందక్కా" అన్నాను.

నా హాస్యానికి అక్క ఎప్పుడూ నవ్వే మనిషి. తల ఊపి మళ్లీ చేప అందుకుంది. కాసేపటికి గేటు దగ్గర సైకిలు బెల్లు మోగింది. ఇద్దరం తలెత్తాం.

పోస్టు పక్కింటికి.