గొలుసు కోసినవాడు

నారాయణఖేడ్‌లో పిండిగిర్ని నడిపే రేవమ్మకు సవిత ఒక్కతే కూతురు. పుట్టుకతోనే కాళ్లు పనిచేయవు. రేవమ్మ మున్సిపాలిటీ చుట్టూ తిరిగి తిరిగి, నడుముకు బెల్టు పెట్టుకునే ఊయల ఒకటి పార్కులో వేయించింది. నెల తిరక్కముందే ఎవరో దాని గొలుసును సగం దాకా కోసిపెట్టారు. సాయంత్రం సవిత ఊగుతుండగా అది తెగింది. పిల్ల మోచేయి విరిగింది.

దవాఖానలో కట్టు కట్టించి, మరునాడే రేవమ్మ మున్సిపల్ సమావేశానికి వెళ్లింది. అప్పటికే పార్కులో బెంచీలు, లైట్లు పగిలి ఉన్నాయి. కెమెరాలు పెడదామన్నాడు కౌన్సిలర్ మహిపాల్.

హెడ్‌కానిస్టేబుల్ ప్రతాప్ ఒప్పుకోలేదు. "మొఖానికి దస్తీ కట్టుకుంటే నీ కెమెరా ఏం జేస్తది? పొద్దుగూకంగ ఇద్దరు పోలీసోళ్లు తిరిగితే ఒక్కడు రాడు."

"నీ పోలీసోళ్లు తిరిగేదుంటే బెంచీలెందుకు పలుగుతయి?" అన్నాడు మహిపాల్.

రేవమ్మ లేచి నిలబడింది. "రెండూ పెట్టుండ్రి. ఎట్ల పడ్తరో నాకెర్క లేదు. నాకు వాడు గావాలె."

కెమెరాలు బిగించిన కొద్దిరోజులకే నల్లా విరగ్గొడుతూ ఒకడు కనబడ్డాడు. ముఖానికి దస్తీ ఉంది. అయితే గేటు దగ్గర ఆపిన ఎర్ర బండి కూడా కెమెరాలో పడింది. రోజూ ఊరు తిరిగే ప్రతాప్ దాన్ని గుర్తుపట్టాడు. ఇనుప సామాన్ల దుకాణం శాంతప్ప కొడుకు గురునాథ్‌ది. గొలుసు కోసిందీ తనేనని స్టేషన్‌లో ఒప్పుకున్నాడు. ఎందుకంటే, తమాషాకట.

శాంతప్ప గిర్నికి వచ్చాడు. "అక్కా, తప్పైంది. కొత్త ఊయల నేనేయిస్త. కేసు వాపస్ తీస్కో. పోరని జిందగీ ఖరాబైతది."

మాట సరిగ్గా వినబడాలని రేవమ్మ గిర్ని ఆపింది. "ఖరాబు గావాలనే పెట్టిన. నీ జొన్నలు ఇంకో గిర్నికి తీస్కపో, శాంతప్పా."

వాయిదా ఉన్న ప్రతిరోజూ గిర్నికి తాళం వేసి, పెళ్లిళ్లకు దాచుకున్న పట్టుచీర కట్టుకుని, కోర్టులో గురునాథ్‌కు ఎదురుగా కూర్చునేది. వాడు తల దించుకుంటే ఆమె కడుపు చల్లబడేది.

"చెయ్యి మానింది గదనే అమ్మా. ఇగ సాలు," అన్నది సవిత.

"నీకు మానింది," అన్నది రేవమ్మ.

చివరికి జైలుశిక్ష పడింది. కోర్టు గేటు దగ్గర శాంతప్ప ఏడుస్తుంటే, గురునాథ్‌ను తీసుకెళ్తున్న వ్యాను మలుపు తిరిగేదాకా రేవమ్మ నిలబడి చూసింది. పార్కులో మళ్లీ ఏదీ విరగలేదు. అది కెమెరా గొప్పా, పోలీసు గొప్పా అని మహిపాల్, ప్రతాప్ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

శిక్ష పడ్డ రోజు సంగతి విని సవిత గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట రొట్టె ముట్టలేదు. రేవమ్మ మాత్రం కడుపునిండా తిన్నది.