గీత మీద కుదిరిన చుక్కలు

నన్ను నిలువునా ముంచింది నేను నోరారా అన్నయ్యా అని పిలిచిన మనిషే. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

బందరులో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తూ, మిగిలిన టైమంతా పీహెచ్‌డీ కోసం కంప్యూటర్లో రియాక్టర్ మోడల్ కట్టేదాన్ని. కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌కి పంపే హైడ్రోజన్‌లో రవ్వంత కార్బన్ మోనాక్సైడ్ మిగిలినా సెల్ దెబ్బతింటుంది. అందుకని ఉత్ప్రేరకం నింపిన గొట్టంలోకి, అదే రియాక్టర్‌లోకి, కాస్త గాలి వదిలి, ఆ మోనాక్సైడ్‌ని మాత్రమే మండించాలి. వేడి మితిమీరిందా, హైడ్రోజనే తగలబడుతుంది. గొట్టంలో ఎక్కడ ఎంత వేడి ఉంటుందో చెప్పడమే నా మోడల్ పని. అది నిజమో కాదో ప్రయోగం తేల్చాలి. ఆ ప్రయోగం గుడివాడలో, నేను అన్నయ్యా అని పిలిచిన ఆ పెద్దమనిషి నడిపే ల్యాబ్‌లో.

ఆయనది దివిసీమ, మా అమ్మమ్మగారి పక్క ఊరు. ఆ సంగతి తెలిసిన రోజే నేను చెల్లెమ్మనైపోయాను. ఇక అన్నయ్యని రియాక్టర్ నడిపి చూపించమని అడగడమేమిటి? అనుమానించినట్టు కాదూ! మోడల్ పంపమంటే మొత్తం పంపేశాను. కొన్నాళ్లకి ఆయన ఫలితాలు పంపాడు. గ్రాఫులో ఆయన కొలతల చుక్కలన్నీ నా మోడల్ గీసిన గీత మీద చక్కగా కుదిరాయి. సంబరపడిపోయి బందరు లడ్డూ పట్టుకెళ్లి మరీ ఇచ్చొచ్చాను.

థీసిస్ ఇవ్వబోయే ముందు ప్రోగ్రామ్ ఇంకోసారి చదువుతుంటే ఒక తప్పు కనబడింది. హైడ్రోజన్ మండితే పుట్టే వేడి 242 అని కొట్టాల్సిన చోట 224 అని కొట్టాను. సరిచేస్తే గీత పైకి లేచింది. ఆయన చుక్కలు మాత్రం నా పాత తప్పు గీతనే పట్టుకుని ఉన్నాయి. గొట్టంలోంచి వేడి బయటికి పోతోందేమోలే అని సర్దిచెప్పుకోబోయాను. అలా అయితే గాలిని బట్టి తేడా మారాలి కదా; గాలి పెంచిన చోటా, తగ్గించిన చోటా చుక్కలు అచ్చంగా ఆ తప్పు గీత మీదే ఉన్నాయి. నా టైపింగ్ తప్పు గుడివాడలో ఉన్న ఇనప గొట్టానికెలా తెలుస్తుందండీ?

మర్నాడే రైలెక్కాను.

"అన్నయ్యా, అసలు రియాక్టర్ నడిపారా?"

"ముందు కూర్చో. టీ తాగుతావా?"

"నడిపారా, లేదా?"

"గ్యాస్ మీటర్ రిపేరుకెళ్లింది కదమ్మా. నీ థీసిస్ ఆగిపోతుందని... నీ మోడల్లో నంబర్లే తీసుకుని కాస్త అటూ ఇటూ జరిపాను. ఎవరు చూడొచ్చారు?"

"నా లెక్కకి నా లెక్కనే సాక్ష్యం పెట్టారా!"

"నీ మంచికే కదే తల్లీ."

ఏం మంచి? ఇన్నేళ్ల నా చదువుని ఉత్త అబద్ధం చేసి పెట్టాడు. గొంతు చించుకుని అరిచాను, ఏడ్చాను. అక్కడే నిలబడి మా గైడ్‌కి ఫోన్ చేసి, ప్రయోగమే జరగలేదండీ, థీసిస్ ఇవ్వడం లేదు అని చెప్పేశాను. ఫోన్ పెట్టేసి చూస్తే ఆయన మొహం పాలిపోయి ఉంది. నా గతి తలుచుకుని బాధపడుతున్నాడనుకున్నాను, పిచ్చిదాన్ని.

"నా పేరు చెప్పలేదు కదమ్మా?" అన్నాడు.