జపాను కోడలి నోట అండి

మొన్న కంటి డాక్టరు నా కళ్లలో చుక్కలు వేసి, గంటసేపు బల్ల మీద కూర్చోమన్నాడు. కాసేపటికి ఎదుటి బోర్డు మీది అక్షరాలన్నీ చెదిరిపోయాయి. చేతిలోని మందుల చీటీ కూడా చదవలేకపోయాను. ఒక్క గంటకే నాకింత గాభరా పుడితే, సుగుణ టీచరుగారు అన్నేళ్లు ఎలా ఓర్చుకున్నారో అనిపించి అక్కడే కళ్లు తుడుచుకున్నాను. పక్కనున్నావిడ మందు మంట అనుకుంది.

తొంభైల్లో నేను బహ్రెయిన్‌లో, ఈసా టౌన్‌లో ఆవిడ ఇంట్లో వంటా ఇంటిపనీ చేసేదాన్ని. మాది కోనసీమ. ఐదో తరగతితో బడి మానేశాను. టీచరుగారిది నిజామాబాదు వైపు. ఈసా టౌన్‌లోనే మన ఇండియా వాళ్ల బడిలో చరిత్ర చెప్పేవారు. షుగరు వల్ల చూపు తగ్గి ఉద్యోగం మానేశారు గానీ, ఒక పని మాత్రం మానలేదు. రెండు వందల ఏళ్ల కిందటి ఒక జపాను కథకుడి జీవితాన్ని తెలుగులో పుస్తకంగా రాస్తున్నారు. సగంలో ఉండగా ఆవిడ రాతలో వరస మీద వరస పడటం మొదలైంది. వాళ్లాయన సల్మాబాద్‌లో వర్క్‌షాపు మేనేజరు. ఉర్దూ బడిలో చదివిన మనిషి, తెలుగు మాట్లాడతారే గాని రాయలేరు. ఇక మిగిలింది నేను.

"నాకేం రాదండి. ఒత్తులన్నీ మర్చిపోయానండి" అన్నాను భయపడి.

"గా జపానాయన కోడలికి నీకు వచ్చినన్ని గూడ రావు. కూసో" అన్నారు.

అప్పుడు చెప్పారు ఆ కోడలి సంగతి. ఆ కథకుడు సమురాయిల ఇంట పుట్టి, కొలువు వదిలేసి, చెప్పుల కొట్టు ఉన్న ఆవిడను పెళ్లాడి, చివరికి రాతల మీదే బతికాడట. ఆయన పుస్తకాలను వ్యాపారులు మూటగట్టి వీపున మోసుకుంటూ ఇంటింటికీ అద్దెకిచ్చేవాళ్లట. ఒకే కథను ఇరవై ఎనిమిదేళ్లు భాగాలుగా రాశాడట. చివర్లో చూపు పోయింది. కొడుకు అప్పటికే చనిపోయాడు. ఇంట్లో ఉన్న కోడలికే అక్షరాలు నేర్పుకుంటూ మిగతాది చెప్పి రాయించాడట. జపాను అక్షరాలు వేలల్లో ఉంటాయి మరి.

"గా ముసలాయన ఇసుక్కునేటోడు, గామె ఏడ్చేది. అయినా కథ ఆగలే" అన్నారు టీచరుగారు.

ఆవిడా తక్కువ తినలేదు. మధ్యాహ్నం వంట కాగానే ఇద్దరం భోజనాల బల్ల దగ్గర చేరేవాళ్లం. రాసిందంతా పైకి చదివించేవారు. నేను తడబడితే చాలు, అక్కడ ఒత్తు తప్పిందని పట్టేసేవారు. ఒకరోజు కోడలు మామగారితో మాట్లాడే చోటు చదువుతున్నాను. "నాకీ అక్షరం రాదండి. మళ్లీ చెప్పండి మావయ్యగారండి..."

"ఆగాగు. అండి అని నేనెప్పుడు చెప్పిన?"

చూస్తే పేజీ నిండా అండీలే. ఆవిడ "రాదు" అంటే నా చెయ్యి "రాదండి" అని రాసేసింది. ముసలాయన పిల్లిని కూడా "తప్పుకోండి" అన్నాడు. మా వైపు మామగారి ముందు అండి లేకుండా నోరు పెగలదు. సిగ్గుతో చచ్చిపోయి, అన్నీ కొట్టేస్తానన్నాను. టీచరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"పిల్లికి తీసెయ్. కోడలికి ఉంచు. వాళ్ల భాషల గూడ గట్లాంటి మర్యాద ఉంటది. నేనే యాదిమరిచిన."

పనిమనిషి చేసిన తప్పులోంచి కూడా నేర్చుకునే అంతటి చదువరిని నేను మళ్లీ చూడలేదు.

ఇంతలో హైదరాబాదులో కంటి ఆపరేషన్‌కి టికెట్టు ఖాయమైంది. చూపు వస్తుందని డాక్టర్లకే నమ్మకం లేదు. ఆలోగా పుస్తకం పూర్తికాకపోతే ఇంకెప్పటికీ కాదని ఆవిడ బెంగ. చివరి అధ్యాయం నాలుగు రోజుల్లో చెప్పేశారు. ప్రయాణం రోజు పొద్దున్న అది చదివి వినిపించాను. పెద్ద కథ ముగిసిన రోజు ముసలాయన ఎంత పొంగిపోయాడో అందులో ఉంది గాని, కోడలి ఊసే లేదు. నాకు మనసు ఒప్పక ముందురోజే ఒక వాక్యం సొంతంగా కలిపేశాను. చదివేటప్పుడు దాటేద్దామనుకున్నా, నోరు ఆగలేదు.

"ఆ సాయంత్రం ఆమె బియ్యం కడిగితే, వేళ్ల సిరాకి నీళ్లు నల్లబడ్డాయి."

"ఇది నేను చెప్పలే."

"నేనేనండి రాసింది. కొట్టేస్తానండి."

ముహర్రక్ వెళ్లి విమానం అందుకోవాలి. కిందినుంచి వాళ్లాయన "యల్లా, నడువు, లేటైతది" అని కేకేశారు. ఆవిడ కదల్లేదు. బల్ల మీద చేత్తో తడిమి నా వేళ్లు పట్టుకున్నారు.

"ఇన్నేండ్లు ఆయన గురించి చదివిన. గామె వంట గూడ చేసి ఉంటదని ఒక్కసారి తట్టలే నాకు. మల్ల చదువు."

మళ్లీ చదివాను.

ఆవిడకు చూపు రాలేదు. పుస్తకం అచ్చయింది, ఆ వాక్యంతో సహా. వంట చేసుకు బతికే మనిషికి మాత్రమే తెలిసేవి కొన్ని ఉంటాయని, వాటిని నేను రాయొచ్చని ఆ పొద్దున్న ధైర్యం వచ్చింది. ఈ నాలుగు ముక్కలూ ఆ ధైర్యంతోనే రాశాను. ఎవరూ చెప్పలేదు, నేనే రాశాను.