పొనికి చెక్క ఫౌజు

నిరుడు మే నెల రెండో ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు, కరీంనగర్‌లో మా మిత్రుని ముందుగదిలో ఇద్దరం పాచికల యుద్ధం ఆట మొదలుపెట్టాము. ఎండ నలభై మూడు డిగ్రీలు, గాలి లేదు. కరెంటు అప్పటికే పోయి ఉంది.

ఆయన గడియారాల దుకాణం నడిపి విరమించుకున్న మనిషి. నేను ఉట్నూరులో భూములు కొలిచి రిటైరైనవాణ్ణి. బల్ల మీద తెల్లదొరల ఫౌజు ముప్పై మంది, ఎదురుగా గోండు యోధులు ఇరవై నాలుగు మంది. అన్నీ నిర్మల్‌లో చేయించిన పొనికి చెక్క బొమ్మలు. ఫౌజు ఎప్పుడూ ఆయనది, గోండులు ఎప్పుడూ నావాళ్ళు. ఎనిమిది విడతలు ముగిసేవరకు బల్ల నడుమ గీసిన వాగు రేవు నా చేతిలో ఉంటే గెలుపు నాది.

మేము తెప్పించుకున్న నియమాల పుస్తకంలో ఒక షరతు ఉంది: స్థానికుల దండులో సగం పడితే మిగిలిన సగం పారిపోయినట్టే. ఫౌజుకు ఆ షరతు లేదు. అది రాసినవాడు ఉట్నూరు గుట్టలు ఎక్కి ఉండడు. అయినా దాన్ని కొట్టివేయడానికి నేను ఒప్పుకోలేదు. ఆ షరతు కిందనే ఒక్కసారి రేవు నిలపాలి. కాకపోతే అది గెలుపని చెప్పుకోవడానికి ఆధారం ఉండదు. అప్పటికి ఆరు ఆటలు ఓడాను.

ఏడో విడత ముగిసేసరికి నావాళ్ళు పదకొండు మంది పడ్డారు.

“ఇంకొక్కడు పడితే మీవోళ్లు అడవి పట్టుడే అన్నా,” అన్నారాయన, పాచికలు గలగలలాడిస్తూ.

“ముందుగాల వెయ్యి భాయ్. నీ నోటితోని ఎవడు సావడు.”

వేశారు. ఆరు పడితేనే నా మనిషి పడతాడు. మూడు పాచికల్లో ఒక్క ఆరూ లేదు. ఇక నా వంతు వేస్తే ఆట ముగుస్తుంది.

అప్పుడే కరెంటు వచ్చింది. తలపైన ఫ్యాను గిర్రున తిరిగింది. మిగతా రోజుల్లో ఆటకు ముందు దాన్ని ఆపడం నా పని. కరెంటు లేని గదిలో స్విచ్చి సంగతి ఇద్దరికీ తోచలేదు. లేచి ఆపేలోపే ఫౌజులో నలుగురు, నావాళ్ళలో ఒకడు పడ్డారు.

పడిన బొమ్మ ఎట్లా పడినా చచ్చినట్టేనని మొదటి ఆటనాడే అనుకున్నాము. పొనికి బొమ్మలు అంత తేలిక. లేకపోతే తగువు తెగదు.

“గాలికి పడ్డోన్ని గూడ లెక్కేస్తవా? లేపి నిలవెట్టు. నేను జూడలే,” అన్నారాయన.

“నేను జూసిన గదా.”

“అరే, జర ఇను. గెలిచినవ్ పో అన్నా!”

“నువ్వు గెలిపిస్తె గెలుసుడు గాదు. నీ నలుగురిని గూడ తియ్యి.”

“గిసొంటి మనిషితోని ఆడుడు నా కిస్మత్,” అని ఆయన నుదురు కొట్టుకుని, నలుగురినీ తీశారు. నావాణ్ణి నేనే తీశాను.

చివరి లెక్క ఇది. ఫౌజు ముప్పైలో పదిహేడు మిగిలింది. గోండులు ఇరవై నాలుగులో పన్నెండు మంది పడ్డారు, పన్నెండు మంది నిలబడే ఉన్నారు. నియమం ప్రకారం పారిపోయారు. రేవు ఆయనది. ఏడు ఆటలు, ఏడు ఓటములు.