పార్సిల్లో వెళ్లిన పీత

మాది కళింగపట్నం. తీరిక దొరికితే గవ్వలతో బొమ్మలు చేయడం నా సరదా. రెండేళ్ల క్రితం వాటిని ఇన్‌స్టాలో పెట్టి అమ్మడం మొదలుపెట్టాను. బొమ్మ కొన్నవాళ్లకు మా ఊరి గుర్తుగా, ఒడ్డున ఏరిన చిన్న శంఖం ఒకటి ఊరికే పంపేదాన్ని.

ఒకరోజు విజయవాడ నుంచి ఒకావిడ వీడియో కాల్ చేశారు.

"ఏమండీ, మీరు పంపిన శంఖం నడుస్తోంది" అన్నారు.

నేను నమ్మలేదు. ఆవిడ ఫోన్ తిప్పి చూపించారు. వాళ్ల టీవీ బల్ల మీద నా శంఖం కాళ్లు బయటపెట్టి నింపాదిగా పోతోంది. ఖాళీ శంఖాల్లో దూరి కాపురముండే పీత అది. ఈవిడ దీన్ని వీడియో తీసి నలుగురికీ పెడితే ఇంకెవరైనా నా దగ్గర కొంటారా?

క్షమించమని అనబోయాను.

"అది సరేగానీ, ఇదేం తింటుందండీ?" అన్నారావిడ.

పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డునే అయినా ఆ సంగతి నాకు తెలియదు. పెరట్లో ఎండు చేపలు తిరగేస్తున్న మా అత్తనడిగాను.

"లోపలేటున్నాదో సూడకుండా పొట్లం కట్టీసినావేటే? నాలుగు మెతుకులెయ్యమను, తింటాది" అంది.

తిన్నదట. ఆ ఆదివారం వాళ్లు దాన్ని బందరు తీసుకెళ్లి సముద్రపు ఒడ్డున వదిలి, నాకు వీడియో పంపారు.

ఇప్పుడు ఏరి తెచ్చిన శంఖాలను సాయంత్రం అరుగు మీద వరసగా పెట్టి, పక్కన నాలుగు మెతుకులు వేస్తాను. తెల్లారి చూసేసరికి పెట్టినచోటే ఉన్నవి మాత్రమే నావి.